గాలికి అడ్డంగా వేసిన టెంట్

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో, ఒక మే నెల మధ్యాహ్నం, చీరాల నుంచి గుంటూరు వెళ్లే బస్సులో నా పక్కన పెళ్లిళ్లకు టెంట్లు వేసే మనిషి కూర్చున్నాడు. చేతికి కట్టు ఉంటే ఏమైందని అడిగాను.

"మొన్న గాలికి టెంట్ కూలిందండి. మా తమ్ముడి నడుం మీద స్తంభం పడింది. ఇక లేచి నడవడంట."

బారుగా ఉండే టెంట్‌ను గాలి వచ్చే వైపుకు కొస పెట్టి వేస్తే నిలుస్తుందట. అడ్డంగా వేస్తే గుడ్డ ఉబ్బి మేకులతో సహా లేచిపోతుందట. వేసవిలో అక్కడ కొట్టేది దక్షిణపు గాలి. పెళ్లివారేమో వాస్తు ప్రకారం ద్వారం తూర్పుకే ఉండాలన్నారు. ద్వారం ఉండేది కొసనే కాబట్టి టెంట్ గాలికి అడ్డం తిరిగింది.

"నువ్వు చెప్పలేదా?"

"చెప్పకేమండీ! 'ఏరా, సిద్ధాంతిగారి కంటే నీకెక్కువ తెలుసా?' అన్నారు. కూలాకేమో, ముహూర్తం దాటాక రాట పాతానని నన్నే తిట్టారు."

నాకు ఒళ్లు మండింది. గాలికి వాస్తు తెలియదని, అదంతా మోసమని పర్చూరు వచ్చేదాకా చెప్పాను. ఆయన ఓపిగ్గా విని లేచాడు.

"ఇదంతా నాకు తెలిసిందే కదండీ. రేపు ఇక్కడ ఇంకో పెళ్లి. వీళ్లూ తూర్పుకే వెయ్యమంటున్నారు. మీరు దిగి ఆ మాట వాళ్లకు చెప్పండి మేష్టారూ. చదువుకున్నోళ్లు చెబితే వింటారు."

సాయంత్రం గుంటూరులో సభ ఉందన్నాను.

"దేని గురించండీ?"

వాస్తు మోసమని జనానికి చెప్పడానికే అని చెప్పలేక కిటికీ వైపు తిరిగాను. ఆయన దిగిపోయాడు.