రాతిలో బిగించిన విమానం ఇంజను

ఓబుళరెడ్డిగారి తంతి రాకపోతే ఆ మండుటెండల్లో నేను ఒంటిమిట్ట ప్రయాణం పెట్టుకునేవాణ్ణి కాదు. ఇంజను కాలిపోయింది, మామిడితోట ఎండిపోతోంది, వెంటనే రమ్మని తంతి. మొదటి ప్రపంచయుద్ధం ముగిశాక మద్రాసులో పాతసామాను కింద అమ్మిన విమానం ఇంజను అది. బావినీళ్ళు తోడడానికని ఆయన చేత కొనిపించింది నేనే. చల్లబరచడానికి చుక్క నీరు అక్కర్లేదు, మీ సీమ కోసమే పుట్టిందని గొప్పలు కూడా చెప్పాను.

పొద్దున ఏడుకు మద్రాసులో రైలెక్కాను. రేణిగుంటలో గంటన్నర నిలిపారు. అక్కడ కొన్న ఇడ్లీ నమిలితే దవడలు నొప్పెట్టాయి. ఎదుటి బెంచీ ముసలాయన, "రాములోరి దర్శనానికి పోతాండావా అప్పా?" అని అడిగాడు. ఇంజను చూడ్డానికన్నాను. ఇంజను ఈ రైలుకే ఉండాది గదా అని ఆయన నా మీద జాలిపడ్డాడు. విడమర్చి చెప్పే ఓపిక లేక కిటికీ వైపు తిరిగాను.

మూడు దాటాక దిగి ఎద్దుబండి ఎక్కాను. బండివాడు నీడ కనిపించినచోటల్లా ఆపాడు. తోట చేరేసరికి అయిదు. మామిడాకులు నలిపితే పొడి అవుతున్నాయి. బావిగట్టున ఇంజను చూసి తల కొట్టుకున్నాను. తొమ్మిది సిలిండర్లనూ కడప బండల మధ్య ఇరికించి సున్నం పోసి బిగించేశారు. అలా కట్టిన మేస్త్రీ ఎర్రన్న పక్కనే నిలబడి, నూరేండ్లయినా కదల్దు సామీ అన్నాడు.

కదలాలయ్యా బాబూ అని మొత్తుకున్నాను. మిగతా ఇంజన్లలో ఒళ్ళు నిలిచి షాఫ్టు, అంటే నడిమి ఇరుసు, తిరుగుతుంది. ఇందులో అంతా తిరగేసి చేశారు. షాఫ్టును విమానానికి బిగిస్తారు, దాని చుట్టూ సిలిండర్లన్నీ విమానం ముక్కు మీది పంకాతో కలిసి గిరగిరా తిరుగుతాయి. ఆ తిరుగుడుకు తగిలే గాలే వాటిని చల్లారుస్తుంది. అందుకే నీళ్ళూ వద్దు, వాటి బరువూ లేదు. కదలకుండా నిలబెడితే పెనంలా కాలుతుంది. కందెనగా పోసిన ఆముదం మాడి తోటంతా కంపు కొడుతోంది. బుర్ర ఉన్నవాడెవడైనా ఇలా చేస్తాడా అని నోటికొచ్చినట్టు తిట్టాను.

రెడ్డిగారు అంతా విని, కొట్టంలోకి వెళ్ళి, ఇంజనుతో నేను పంపిన ఉత్తరం తెచ్చారు. "ఇంజనును రవ్వంతైనా కదలకుండా గట్టి పునాదిలో బిగించవలెను." దస్తూరీ నాదే. బిగించాల్సింది షాఫ్టునన్న ముక్క ఎక్కడా లేదు. నాకు తెలిసిందే కదా అని రాయలేదు.

"నువ్వు రాసిందే చేసినామప్పా," అన్నారు రెడ్డిగారు. కోపంగా కూడా అనలేదు. సిగ్గుతో చచ్చిపోయాను.

మర్నాడు పొద్దున్నే ఎర్రన్న తన కట్టడాన్ని తనే ఉలితో పగలగొట్టాడు. మూడు సిలిండర్లు చిట్లాయి, పిస్టన్లు పట్టేశాయి. ఇక బాగుపడేది కాదు. రెడ్డిగారు కపిలకు ఎద్దులను కట్టించారు. బక్కచిక్కిన ఆ ఎద్దులు తోడే నీళ్ళు సగం తోటకే సరిపోతాయట. తక్కిన చెట్లు వదులుకోవాల్సిందే. నేను బండెక్కుతుంటే ఎర్రన్న దగ్గరికొచ్చాడు.

"ఈసారి జాబు రాస్తే ఏది కదలాల్నో అది గూడా రాయండి సామీ."

తిరుగు రైలు గంట ఆలస్యం. ఎవర్నీ తిట్టలేదు. నేను వద్దన్నా వినకుండా రెడ్డిగారు ఒక బుట్ట మామిడిపండ్లు పెట్టించారు. పక్కన కూర్చున్నామెకు ఒకటిస్తే, తిని, శానా తీపుండాది, యే తోటదో చెప్తే వచ్చే ఏడు మేమూ తెప్పించుకుంటామంది. ఊరూ పేరూ చెప్పాను. ఆ పండు కాసిన చెట్టు నీళ్ళు పారే సగంలో ఉందో, రెండో సగంలో ఉందో నేను అడగలేదు.