రిటైరయ్యాక కూడా తలుపు తీసిన మనిషి

మా పేట గ్రంథాలయం అటెండరు మావయ్య పోయాడని సోమవారం పొద్దున్న ఆయన కూతురు ఫోన్ చేసింది. అప్పుడు అచ్యుతాపురం వెళ్లే కంపెనీ బస్సులో ఉన్నాను. ఏడుపు రావాల్సింది, ఒళ్లు మండింది. ఎందుకో చెబుతాను.

హార్బర్ వెనక మా వాడలో చదువుకున్న ప్రతి పిల్లకీ ఆయన మావయ్యే. గ్రంథాలయం అంటే రెండు గదులు. లైబ్రేరియన్ పోస్టు ఏనాడో ఖాళీ అయి అలాగే ఉండిపోయింది. తలుపు తీయడం, ఊడ్వడం, పేపర్లు బల్ల మీద పరచడం, చిరిగిన పుస్తకాలకి మైదా జిగురు పెట్టి అట్టలు వేయడం, అన్నీ ఆయనే. "నిశ్శబ్దం" అన్న బోర్డు కింద కూర్చుని అందరికంటే గట్టిగా మాట్లాడేదీ ఆయనే. తుఫాను హెచ్చరిక వస్తే మా నాన్న వాళ్లు పడవలు ఒడ్డుకి లాగేవారు, ఈయన కింది అరల పుస్తకాలు బల్లల మీదికి ఎక్కించేవాడు.

"నీ పుస్తకాలతో సేపలు పడతాయేటి బావా?" అని నాన్న వేళాకోళం.

"పడవు బావా. నీ కూతురు మాత్తరం తట్ట మొయ్యక్కర్లేదు."

ఇంటర్ అయిన ఏడాది ఒక వెధవ పని చేశాను. పేపర్లో పడిన ఉద్యోగ ప్రకటన ఇంకెవరికీ కనబడకూడదని పేజీ చింపి చున్నీలో దాచుకున్నాను. గుమ్మం దగ్గర పట్టుకున్నాడు.

"ఏటి సేత్తన్నావ్ గుంటా? నీ ఒక్కదానికేనా ఉజ్జోగం కావాల? నీ ఎనకాలొచ్చినోడు ఏటి సదువుతాడు, నీ మొకమా?"

తల కొట్టేసినట్టయింది. సుద్దముక్క చేతికిచ్చి, బయటి నల్లబల్ల మీద ఆ ప్రకటన మొత్తం, ఆఖరి తేదీతో సహా రాయించాడు. అది చూసి దరఖాస్తు పెట్టిన పక్కవీధి పిల్లకి ఆ ఉద్యోగం వచ్చింది. నాకు రాలేదు. నెల రోజులు కుళ్లుకుని చచ్చాను. కానీ ఆ మర్నాటి నుంచి ఎవరో ఒకరం రోజూ ఉద్యోగాలన్నీ ఆ బల్ల మీద రాయడం మొదలైంది. ఇప్పుడు నేను చేస్తున్న ఉద్యోగం కూడా అక్కడ చూసిందే.

ఆయన రిటైరయ్యాడు. ఆ పోస్టులోనూ ఎవరినీ వేయలేదు. మర్నాడు ఆయనే వచ్చి తలుపు తీశాడు. అలా ఏళ్లకేళ్లు, జీతం లేకుండా. మేం ఏం చేశాం? శాలువా కప్పాం, చప్పట్లు కొట్టాం. కిందటేడు మనిషిని వేయమని అర్జీ పట్టుకుని జిల్లా గ్రంథాలయాల ఆఫీసుకి వెళితే గుమాస్తా నవ్వాడు.

"మీ బ్రాంచి రోజూ తెరిసే ఉంటాది కదండీ. ఇంకేటి కంప్లయింటు?"

తిన్నగా వచ్చి మావయ్య మీద పడ్డాను.

"నువ్వో నెల్లాళ్లు ఇంటికాడ కూకో మావయ్యా. అప్పుడు గానీ ఆళ్లకి బుద్ధి రాదు."

"ఆ నెల్లాళ్లూ ఈ పిల్లలెక్కడ కూకుంటారే? ఆళ్ల ఇళ్లల్లో జాగా ఉందేటి?"

ఆయన మంచితనమే వాళ్లకి సాకైంది. ఆ కోపం ఆఫీసు మీద ఉంది, ఆయన మీదా ఉంది, శాలువా కప్పి చేతులు దులుపుకున్న నా మీద మరీ ఉంది.

మూడోరోజు సంతాప సభ పెట్టారు. ఒక పెద్దమనిషి మైకు పట్టుకుని, "ఇప్పుడంతా ఫోన్లోనే ఉంది కదా, ఆయనతోనే ఆ కాలం పోయింది" అన్నాడు. ఉండబట్టలేక లేచాను. మీ ఫోన్లో ఫ్యానుందా, బల్లుందా, ఎందుకొచ్చావని అడక్కుండా రోజంతా కూర్చోనిచ్చే చోటుందా అని అడిగేశాను. ఎవరో చెయ్యి లాగి కూర్చోబెట్టారు.

మీ పేటలో గ్రంథాలయం ఉంటే ఒక్కసారి లోపలికి వెళ్లండి. తలుపు తీసేదెవరో, వాళ్లకి జీతం ఉందో లేదో కనుక్కోండి. లేకపోతే పోట్లాడండి. ఆ మనిషి బతికుండగానే పోట్లాడండి, మాలాగా శాలువాలు కొనకండి.

ఐదోరోజు పొద్దున్న మా గ్రంథాలయానికి వెళ్లాను. తాళం. పేపర్లతను అలవాటు కొద్దీ తలుపు కింది సందులోంచి పేపర్లు లోపలికి తోసేసి వెళ్లిపోయాడు. పోర్టులో చేసి రిటైరైన ముసలాళ్లు నలుగురు మెట్ల మీద ఉన్నారు. ఒకాయన గొడుగు వంకీతో ఆ పేపర్లని బయటికి లాగాడు. పేజీలు పంచుకుని, మాట్లాడుకోకుండా చదువుకున్నారు. ఎండ మెట్లెక్కాక పేజీలన్నీ మళ్లీ వరసగా సర్ది, మడతపెట్టి, ఒక్కొక్క పేపరే ఆ తలుపు కిందికి తోసేశారు.