బ్యాలే పిల్లకు కళ్లం మేర

ఈ సంగతి రాసిపెట్టడానికి కారణం ఒకటే. నడికుడి గూడ్సు క్లర్కుకు జొన్నకళ్లంలో పూనకం వచ్చి మునివేళ్ల మీద ఊగాడని ఆ వైపు ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ గూడ్సు క్లర్కును నేనే. నాకు పూనకం రాలేదు. నేను చేసింది బ్యాలే అనే పాశ్చాత్య నృత్యంలో ఒక భంగిమ. దాన్ని గ్రంథాలయం పుస్తకంలో బొమ్మలు చూసి నేర్చుకున్నాను. అసలు విషయం తెలిసినవాళ్లు ఒక్కొక్కరే తగ్గిపోతున్నారు కనుక ఇక ఆలస్యం చేయకూడదనుకున్నాను.

1946లో నన్ను నరసరావుపేట నుంచి నడికుడి స్టేషనుకు గూడ్సు క్లర్కుగా వేశారు. సరుకు తూచి, కిరాయి లెక్కకట్టి, రైల్వే రసీదు రాసివ్వడం నా పని. రసీదు ఎవరి చేతిలో ఉంటే అవతలి స్టేషనులో సరుకు వాళ్లది. నా కింద హమాలీల మేస్త్రి దస్తగిరి, పైన స్టేషను మాస్టరు రంగనాథం గారు. బండికీ బండికీ మధ్య చాలా తీరిక ఉండేది. నా చదువు స్కూలు ఫైనలుతో ఆగిపోయింది. అయినా గార్డు సుబ్బారావు గారి చేత నరసరావుపేట గ్రంథాలయం నుంచి వారానికి రెండు పుస్తకాలు తెప్పించుకుని, నిఘంటువు పక్కన పెట్టుకుని చదివేవాణ్ణి. ఆ లైనులో నాకంటే ఎక్కువ చదివిన గూడ్సు క్లర్కు లేడని నా నమ్మకం.

మా షెడ్డు నుంచి ఎక్కువగా నాపరాళ్లు వెళ్లేవి. వాటిని బుక్ చేయడానికి వచ్చే గనిమేస్త్రి రాఘవులు ఒకరోజు రాళ్లు లేకుండా వచ్చాడు. చేతిలో ఇంగ్లీషు ఉత్తరం, చదివి చెప్పమన్నాడు. అతని కూతురు కోటేశ్వరికి పదహారేళ్లు. నరసరావుపేటలో మిషను వారి హాస్టల్లో ఉండి చదివేది. అక్కడ డ్రిల్లు నేర్పే ఎల్సీ దొరసాని చిన్నప్పుడు తన దేశంలో బ్యాలే నేర్చుకున్న మనిషి. ఈ పిల్ల కాళ్లు చూసి, నాలుగేళ్లు ఓపిగ్గా నేర్పి, ఇంగ్లండులోని ఒక బ్యాలే స్కూలుకు రాసింది. వాళ్లు ఫీజు లేకుండా సీటిచ్చారు. ఓడ ఖర్చు దొరసాని పెట్టుకుంటుంది. మూడేళ్ల చదువుకు బస, భోజనం ఖర్చు మాత్రం ఏ ఏటికాయేడు ముందుగా మనమే పంపాలి. మొదటి ఏడాదిది ఏప్రిల్ నెలాఖరుకు చేరకపోతే సీటు ఇంకొకరికి ఇస్తారు. ఉత్తరంలో ఉన్నది అదీ.

రాఘవులు అంతా విని అడిగాడు.

"కాలి బొటనేలి మీద నిలబడతానికి సీమదాకా పోవాలంటయ్యా? ఈడ నిలబడితే ఏమైద్ది?"

ఇక్కడ నిలబడితే చూసేవాళ్లు లేరని చెప్పాను. ఒప్పుకున్నాడు. పిల్ల రెండు రోజులుగా అన్నం ముందు కూర్చుని తన మొహం చూస్తోందనీ, తన గని కూలితో ఆ ఖర్చు పదేళ్లకైనా తీరదనీ అన్నాడు.

అది ఫాల్గుణం. జొన్న కోసి కళ్లాల్లో తొక్కిస్తున్నారు. స్టేషనుకు ఆనుకున్న ఊళ్లో రైతులకు పెద్ద చినకోటయ్య గారు. ఆయన దగ్గరకు వెళ్లాను. యుద్ధం చందాలతో విసిగిపోయి ఉన్నాడు. నేను నోరు తెరవకముందే, చందా అనే మాట ఎత్తితే చెప్పుచ్చుకుంటానని హెచ్చరించాడు. అప్పుడు నా చదువు అక్కరకు వచ్చింది. గ్రామ ఆర్థిక వ్యవస్థ మీద ఒక పుస్తకం అంతకు ముందు వారమే పూర్తిచేశాను. అందులో మేర గురించి ఒక అధ్యాయం ఉంది. వడ్రంగికీ, కమ్మరికీ, మంగలికీ, ఆటపాటల వాళ్లకూ పనికింత అని కాకుండా, ఏడాదికోసారి కళ్లంలోనే గింజలు కొలిచి ఇచ్చే వాటా అది.

"చందా కాదండీ. ఈ పిల్లకు మేర అనుకోండి" అన్నాను.

ఆయన మొహం విప్పారింది. అదే అయితే ముందే చెప్పొద్దా అన్నాడు. సాయంత్రానికల్లా ప్రతి కళ్లం నుంచీ గింజలు కొలవడానికి ఊరు ఒప్పుకుంది. ఒక్క మాటతో ఇంత పని అయిందని నాకు చాలా సంతోషం కలిగింది.

మర్నాడు తెలిసింది, ఆ పుస్తకంలో రాయనివి రెండు ఉన్నాయని. మేర తీసుకున్నవాళ్లు కళ్లంలో తమ పని చూపించాలి. ఊళ్లో లేని ఏడు తమ బదులు ఒక మనిషిని పెట్టాలి.

మొదటిది తేలికే. కోటేశ్వరి వచ్చింది. దొరసాని ఇచ్చిన పట్టుజోళ్లు కట్టుకుని, అలికి ఆరబెట్టిన కళ్లంలో మునివేళ్ల మీద లేచి నిలబడి, చిన్నచిన్న అడుగులతో ఈ చివర నుంచి ఆ చివరకు పోయింది. అందరూ మెడలు చాచి చూశారు. చినకోటయ్య గారి తల్లి సుబ్బమ్మ గారు మాత్రం జాలిపడింది.

"ఏమే పిల్లా, అలుకు ఆరిందిలే. పాదం మోపు."

పిల్ల నవ్వాపుకోలేక గిర్రున తిరిగింది. ఎన్ని చుట్లు తిరిగిందన్న దాని మీద ఇద్దరు రైతులు పందెం వేసుకుని పోట్లాడుకున్నారు. ఆట బాగుందన్నారు.

తరువాత చినకోటయ్య గారు రెండో సంగతి ఎత్తాడు. పిల్ల మూడేళ్లు సీమలో ఉంటుంది కదా, వచ్చే ఏడు ఆమె బదులు ఎవరని అడిగాడు. రాఘవులు నేల చూశాడు. దొరసాని మరుసటి ఏడు స్వదేశం పోతోంది. బదులు మనిషి పేరు చెప్పనిదే కుంచం ముట్టుకునేది లేదని పెద్దలు కూర్చున్నారు. ఒక రైతు వడ్రంగిని అడుగుదామన్నాడు. వడ్రంగి లేచి వెళ్లిపోయాడు.

కోటేశ్వరి జోళ్లు విప్పుతూ నా వంక చూసింది. నేను నా పేరు చెప్పాను.

"ఏందయ్యా గుమాస్తా, నీకొచ్చా ఇది?" అన్నాడు చినకోటయ్య గారు.

చదువుకున్నానని చెప్పాను.

గింజలు బస్తాలకెత్తారు. అప్పట్లో ధాన్యం కంట్రోలు కింద ఉండేది. తాలూకా ఆఫీసు పర్మిటు లేనిదే ఒక్క బస్తా బండెక్కేది కాదు. పర్మిటులో 'ఎందు నిమిత్తం' అన్న గడిలో విత్తనం, ఆహారం, పశుగ్రాసం మూడే ఉన్నాయి. నేను 'ఆహారం' అని రాసి, తినేవారి చిరునామా ఇంగ్లండు అని వేశాను. ఇన్ని జొన్నలు ఒక్క ఆడపిల్ల తింటుందా అని అక్కడి గుమాస్తా రెండు రోజులు ఆలోచించి సంతకం పెట్టాడు. గింజలు గుంటూరులో అమ్ముడై డబ్బు గడువులోగా చేరింది. పిల్ల ఓడెక్కింది.

ఏడాది తిరిగింది. అంతలో నేను ఊరుకోలేదు. బ్యాలేలో పాదాలు పెట్టే స్థానాలు అయిదు. వాటిని పుస్తకం చూసి షెడ్డు గచ్చు మీద సుద్దతో గీశాను. ఈ నృత్యం నేర్చుకునేవాళ్లు గోడకు బిగించిన కర్ర పట్టుకుని సాధన చేస్తారు. నేను బస్తాల తోపుడు బండి పిడి పట్టుకున్నాను. దస్తగిరి రెండో వైపు పట్టేవాడు. కాన్వాసు బూట్లలో ముందు వైపు గోనెపీచు కూరాను.

"అయ్యగారూ, బస్తా అయితే కిందపడ్డా మళ్లీ కుట్టొచ్చు" అనేవాడు దస్తగిరి. రంగనాథం గారు ఒకసారి వచ్చి చూసి, ఏమీ అడగకుండా వెళ్లి, సెలవు మంజూరు చేశారు.

కళ్లం రోజున ఊరు ఊరంతా వచ్చింది. ఆ ఏడు మేర రాకపోతే కోటేశ్వరి చదువు సగంలో ఆపి తిరిగి రావలసిందే. ఆ మాట మనసులో పెట్టుకుని అయిదు స్థానాలూ వరసగా, పేర్లు చెబుతూ చూపించాను. ఆ తరువాత మునివేళ్ల మీద లేచాను. లేచాను అన్నది సత్యం. నాలుగడుగులు వేశాను కూడా. అయిదో అడుగుకు కంకుల కుప్పలో పడ్డాను.

చినకోటయ్య గారు దగ్గరకు వచ్చాడు. "పడటం కూడా ఆటలో ఉందా?"

లేదని నిజమే చెప్పాను. అయితే ఆట సగమే అయింది కనుక సగం మేర కొలవమన్నాడు. సగంతో అక్కడ భోజనం సగం నెలలకే వస్తుంది. నేను గడ్డి దులుపుకుంటూ ఆ లెక్క చెప్పబోతుంటే సుబ్బమ్మ గారు కొడుకును కసిరింది.

"ఒరేయ్ కోటయ్యా, నిరుడు పిల్లను చూసి ఊరుకున్నాం. ఇయ్యాళ చానా నవ్వాం. పొట్ట నొప్పెట్టేదాకా నవ్వి, సగం కొలుస్తావా? నిండా కొలువు."

నిండా కొలిచారు. మరుసటి ఏడు కూడా ఆడాను, కొలిచారు. ఈసారి ఏడో అడుగుకు పడ్డాను.

కోటేశ్వరి చదువు ముగించి అక్కడే ఒక నృత్య బృందంలో చేరింది, ఇక గింజలు అక్కర్లేదని రాసింది. ఆ ఉత్తరం పట్టుకుని చినకోటయ్య గారి దగ్గరకు వెళ్లి, మేర ఆపేయవచ్చన్నాను. ఆయన ఆశ్చర్యపోయాడు.

"పిల్లకు మానేస్తాంలే. నీది ఎట్లా మానతావు? ఊళ్లో పిలకాయలు అప్పుడే అడుగుతుంటే."

మేర ఒకసారి మొదలైతే రెండు వైపులా హక్కేనట. నేను మరో మార్గం లేక బదిలీకి అర్జీ పెట్టుకున్నాను. అది మంజూరై వెళ్లిపోయాను. తరువాతి ఫాల్గుణంలో, నా స్థానంలో వచ్చిన శేషయ్య గారి నుంచి జాబు వచ్చింది. బదిలీ మీద వెళ్లేవాడు తాళాలు, సీళ్లు, కాటాలు, పెండింగు పనులు అన్నీ రాసి కొత్తవాడికి అప్పగించే కాగితాన్ని ఛార్జి రిపోర్టు అంటారు. శేషయ్య గారు ఇలా రాశారు: తమరిచ్చిన ఛార్జి రిపోర్టు మూడుసార్లు చదివాను, బ్యాలే ప్రస్తావన ఎక్కడా లేదు, రైతులు ఉదయం నుంచి షెడ్డు ముందు కూర్చుని ఉన్నారు, వెంటనే సలహా ఇవ్వగలరు.

అయిదు స్థానాల బొమ్మలూ గీసి రిజిస్టరు పోస్టులో పంపాను. ఆయన కూడా ఆ ఏడే బదిలీ పెట్టుకున్నారని తరువాత విన్నాను.

ఈ వ్యవహారంలో నేను నేర్చుకున్నది ఇది. పుస్తకంలో దొరికిన మాటను దాన్ని వాడి బతికేవాళ్ల ముందు వాడే ముందు, దానితో ఇంకేమేం వస్తాయో వాళ్లనే అడగాలి. కాగితం మీద లేని బాధ్యతను కూడా ఛార్జి రిపోర్టులో రాయాలి. ఆ తరువాత నేనిచ్చిన ప్రతి రిపోర్టులోనూ 'ఇతరములు' అని ఒక గడి కొట్టి వివరంగా రాశాను.

ఇందులో సాయపడిన వారికి నా కృతజ్ఞతలు: పుస్తకాలు మోసిన గార్డు సుబ్బారావు గారికి, కారణం అడగని రంగనాథం గారికి, నాలుగేళ్లు ఓపిక పట్టిన ఎల్సీ దొరసానికి, పిల్లను పంపిన రాఘవులుకు, నిండా కొలిపించిన సుబ్బమ్మ గారికి, ఎన్ని ప్రశ్నలు అడిగినా చివరకు కొలిచిన చినకోటయ్య గారికి, రెండేళ్లూ నన్ను కుప్పలోంచి పైకి లాగిన దస్తగిరికి. శేషయ్య గారికి కృతజ్ఞతలతో పాటు క్షమాపణ కూడా చెప్పుకుంటున్నాను.