ఇసుకతిన్నె చివర స్టేషియా కాపరం

స్టేషియా కాడ్ వెక్స్‌ఫర్డ్ పట్నంలో పుట్టింది. ఓడలకి దారి చూపించి రేవులోకి తెచ్చే లార్ బుషర్‌ని పెళ్ళాడి, రేవు ముఖాన సముద్రంలోకి సన్నగా సాగిన ఇసుకతిన్నె చివరికి కాపరానికి వెళ్ళింది. అక్కడ పట్టుమని పదిళ్ళు కూడా లేవు. ఒక పక్క సముద్రం, ఇంకో పక్క రేవు నీళ్ళు. పడవలో మట్టి తెచ్చి పోసుకుని బంగాళాదుంపలు పండించింది. పిల్లలు పుట్టలేదు. కోళ్ళని పెంచుకుంది.

ఒక ఏడు, ఆకులు రాలే కాలంలో టీ ఉప్పగా తగిలింది.

"నీ చెయ్యి జారి ఉంటుంది," అన్నాడు లార్.

"టీలో ఉప్పు వేసేదాన్నా నేను? బావి నీళ్ళే ఉప్పెక్కాయయ్యా!"

పొరుగింటి ముసలాయన మోగ్ ఫర్లాంగ్ వాకిట్లోంచి నవ్వాడు. "పట్నం పిల్లవి కదా, నాలుక మహా సుకుమారం! మా అమ్మ ఈ నీళ్ళే తాగి తొంభై ఏళ్ళు బతికింది."

స్టేషియా మాత్రం తిన్నె మీది కుందేళ్ళు ఒక్కొక్కటే ఊళ్ళ వైపుకి వెళ్ళిపోవడం చూసింది. తిన్నె ఒడ్డుతో కలిసే సన్నటి మెడ దగ్గర గడ్డివేళ్ళు బయటపడి గాలికి వేలాడుతున్నాయి. పొయ్యి ముందు కూర్చుంటే అలల హోరు కిటికీలోంచి కాక, కాళ్ళకింద నుంచి వస్తున్నట్టుండేది.

"మా అక్కావాళ్ళ మేడగది ఖాళీగానే ఉంది. పోదామయ్యా," అంది.

"ఓడలకి మేడ మీంచి దారి చూపించమంటావా?" అన్నాడు లార్ బూట్లు తొడుక్కుంటూ.

క్రిస్మస్ వెళ్ళాక ఒక మధ్యాహ్నం తూర్పు గాలి లేచింది. దూరాన తెరచాప ఓడ ఒకటి జెండా ఎత్తి పిలిస్తే లార్ వెళ్ళాడు. కాసేపటికే పోటు నీరు తిన్నె మెడని కోసేసింది. నిన్నటిదాకా నడిచిన బాట మీద బురదనీళ్ళు సుడులు తిరిగాయి.

మోగ్ కుర్చీలోంచి కదలనన్నాడు. "తగ్గుతుందిలే అమ్మాయ్."

"తగ్గాక తిరిగొద్దువుగాని. లే తాతా! లేవకపోతే కుర్చీతో సహా మోయిస్తా."

అన్నంత పనీ చేసింది. రేవు పక్కనున్న పడవల్లోకి అందరినీ ఎక్కించింది. కోళ్ళకి చోటు లేదు. గూడు తలుపు తీసి, వెనక్కి చూడకుండా వచ్చేసింది.

ఓడని క్షేమంగా పట్నం చేర్చిన లార్ గట్టు మీద ఆమెని చూసి, "ఇక్కడేం చేస్తున్నావు?" అన్నాడు. చెబితే నమ్మలేదు. మర్నాడు తానే వెళ్ళి చూసొచ్చి, అక్కావాళ్ళ మేడగదిలో గోడవైపు తిరిగి పడుకున్నాడు.

చలికాలం పోయేలోగా ఇళ్ళన్నీ పోయాయి. తిన్నె అడ్డం తొలగిన రేవులో ఇసుక వారానికోచోట మేటవేసింది. ఏ ఓడదారి ఎటు పోయిందో లార్‌కే అంతుచిక్కలేదు. ఓడలు రావడం తగ్గింది. అతను బొగ్గు మోతకి కుదిరాడు.

ఎండలు ముదిరాక ఒకరోజు ఆమెని పడవలో అటు తీసుకెళ్ళాడు. "మన వంటిల్లు ఇక్కడే," అన్నాడు నీళ్ళలోకి చూస్తూ.

స్టేషియా చూపు అక్కడ లేదు. దక్షిణాన ఒడ్డునున్న మట్టిగట్టు కొత్తగా విరిగి పచ్చిపుండులా ఉంది. దాని అంచునే ఒక ఇల్లు. దండెం మీద పసిపిల్లల బట్టలు.

"వాళ్ళకెవరైనా చెప్పారా?"

"చెబితే వింటారా?"

"పడవ అటు తిప్పు," అంది.