కుదుపు లేకుండా ఆగిన వెలుగు

పోయిన ఆదివారం మా మనవరాలు హిజ్లీ నుంచి సైకిలు మీద ఖరిదాలోని మా ఇంటికి వచ్చి, నేను చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తుండగా ఫోనులో ఒక వీడియో చూపించింది. ఆకాశంలో దూసుకుపోతున్న వెలుగు ఒకటి ఉన్నట్టుండి నిలబడి, వంపు అన్నది లేకుండా పక్కకు మళ్లి మాయమైంది. భౌతికశాస్త్రం చదివే పిల్ల కదా, అది ఎలా సాధ్యమో కొందరు ఏమని ఊహిస్తున్నారో చెప్పుకుపోతోంది గాని, నాకు కాలు నిలవలేదు. కాయలు వదిలేసి వరండాలోకి, వరండాలోంచి లోపలికి తిరగసాగాను, అచ్చం మా నాన్నలాగే.

మా నాన్న గూడ్సు బండి డ్రైవరు. మన తరం రైల్వే పిల్లలకు వేరే చెప్పాలా, ఇంజనులోని ఇద్దరూ కనిపించిన ప్రతి సిగ్నలునూ ఒకరికొకరు పైకి చెప్పుకోవాలి. ఆ అలవాటు ఎంత ముదిరిందంటే, బజారులో ఎర్రబల్బు కనిపించినా నాన్న రెడ్డు అని గొణిగేవాడు, అమ్మ నవ్వేది. ఒకనాటి మునిమాపువేళ, హిజ్లీ దాటాక, పట్టాల మీదుగా ఎర్రటి వెలుగు ఎదురొచ్చి ఠక్కున నిలబడింది. నాన్న అలవాటుకొద్దీ రెడ్డు అన్నాడు, మేమంతా అన్నా అన్నట్టు దాదా అని పిలిచే అసిస్టెంటు కూడా పక్కనుంచి రెడ్డు అన్నాడు, నాన్న బ్రేకు వేశాడు. బండి కుదుపు మీద కుదుపుగా చాలా దూరం ఈడ్చుకుపోయి, సిగ్నలే లేని పొలాల మధ్య ఆగింది. ఆ వెలుగు మాత్రం నిలిచిన చోటి నుంచే పక్కకు తిరిగి, చప్పుడు లేకుండా వెళ్లిపోయిందట.

బండి ఎందుకు ఆపావో రాసిమ్మన్నారు. డ్రైవరు చూపు మీద అనుమానం వస్తే ఇక లైను మీదికి పంపరు, ఆ భయం ఇంటిల్లిపాదికీ పట్టుకుంది. దాదా పిల్లలుగలవాడు, నాన్న అన్నాడు గనుకే తానూ అన్నానని, తనకేమీ కనబడలేదని చెప్పేశాడు.

“సలిమంట సూసి పొరబడినానని రాసీండి, మనకెందుకొచ్చిన గొడవ” అని అమ్మ బతిమాలింది.

“మంటైతే మంటనే రాద్దును” అన్నాడు నాన్న.

కళ్ల పరీక్షలో లోపమేమీ తేలలేదు. అయినా ఆయన్ను షెడ్డులో కూర్చునే పనికి మార్చారు.

అప్పటి నుంచి బండి కూత వినబడితే చాలు, ఆయన వరండాలో పచార్లు మొదలుపెట్టేవాడు. గ్లాసులో టీ ఒలక్కుండా బండి ఆపడం నేర్చుకోవడానికే సగం జీవితం పెట్టిన మనిషి కదా, ఆయన దిగులు పోయిన లైను గురించి కూడా కాదు.

“అంత జోరు మీదొచ్చి అలాగాగిపోతే, లోపలున్నోళ్లు ఏటైపోయుంటారే?” అని నన్నడిగేవాడు.

ఆకాశంలో ఎవరో ఏమయ్యారోనని బెంగపడేవాడికి ఇంట్లో మా బెంగ కనబడదేమని నాకు ఒళ్లు మండేది.

మనవరాలి చేత మళ్లీ మళ్లీ చెప్పించుకున్నాను. ఆ వెలుగు ఒక వాహనమే అయితే, అది తాను కదలదట, దాని ముందున్న చోటు ముడుచుకుంటే వెనకున్న చోటు సాగుతుందట. దుప్పటి లాగితే దానిమీది పిల్లి ఉన్నచోటనే ఉండి జరిగిపోయినట్టు. అందుకే లోపలివాళ్లకు కుదుపే తెలియదట. ఇదంతా కాగితం మీది లెక్కేనని, అందుకు కావలసిన శక్తి ఎవరి దగ్గరా లేదని, ముత్తాత చూసింది అదేనని తాను అనలేనని కూడా చెప్పింది.

ఇప్పుడు ఇలాంటి వెలుగులు అందరి ఫోనుల్లోనూ ఉన్నాయి. చూశామన్నందుకు ఎవరి పనీ మారదు, చూసినందుకు ఎవరికీ నిద్ర చెడదు, వేలితో పైకి తోసేసి ఇంకోటి చూస్తారు. నేను మాత్రం ఈ వారమంతా కూత వినబడినప్పుడల్లా వరండాలోకి పోతున్నాను. లోపలున్నోళ్లకి ఏటీ అవలేదట నాన్నా అని చెప్పాలని ప్రాణం కొట్టుకుంటోంది. అది నిజమో కాదో తెలియని మాటే. కానీ బతికుండగా ఆ మాట వినుంటే నాన్న, ఒక్క పూటైనా, కూత వినబడినా లేవకుండా కుర్చీలో కూర్చునేవాడు.