ఉండిలో ఇంతకంటే పెద్దది

బుల్లిరాజు గారికి లోకంలో ఏ వింత చూపించినా లాభం లేదు. దానికంటే పెద్దది ఆయన చిన్నప్పుడే సొంతూరు ఉండిలో చూసేశారు.

తాడేపల్లిగూడెంలో ఎన్నాళ్లనుంచో కాపురముంటున్నా ఆయన కొలతలన్నీ ఉండివే. కొల్లేట్లో పడవెక్కిస్తే నీళ్లవంక జాలిగా చూసి, "మా ఉండిలో చేపల చెరువు చూళ్లేదండి మీరు," అని పడవవాణ్ణి ఓదార్చారు. ఏలూరులో డాక్టరు గారు స్కానింగు తీసి, భార్య విజయకుమారి కిడ్నీలో పెద్ద రాయి ఉందంటే, "ఇదేం రాయండీ, ఉండిలో మా బాబాయి గారికి దీనికి రెట్టింపుది," అన్నారు. తన రాయిని కూడా చిన్నబుచ్చినందుకు విజయకుమారికి ఒళ్లు మండిపోయింది.

ముదినేపల్లి నుంచి ఆయన అక్క నాగరత్నం గారు చుట్టపుచూపుగా వచ్చారు.

"ఒరే తమ్ముడూ, జంగారెడ్డిగూడెం అవతల అడవి పార్కులో వందల ఏళ్ల మద్దిచెట్టు ఉందంట. టీవీలో చూపించారు. ఒక్కసారి దానిమీద చెయ్యెయ్యాలని ఉందిరా."

"చెట్టుకోసం అంతదూరమా అక్కా? మన ఉండిలో..."

"కారు తియ్యరా."

ఆవిడ మోకాళ్లు రెండూ అరిగిపోయాయి. చెట్టుదాకా బ్యాటరీ బండి వెళ్తుందని టీవీలో చెప్పారు, అదీ ఆవిడ ధైర్యం. తీరా వెళ్తే గేటు దగ్గర మనిషి, "బండి రిపేరులో ఉందండి. రాళ్లదారండి, నడవాలండి," అన్నాడు. నాగరత్నం గారు నాలుగడుగులు వేసి, వెనక్కొచ్చి బెంచీ మీద కూలబడ్డారు. చెట్టుకోసమని కట్టుకున్న కొత్తచీర కుచ్చిళ్లు సర్దుకుంటూ, "మీరు చూసి రండి," అన్నారు.

చెట్టు దగ్గర విజయకుమారి, కూతురు మానస నోళ్లు తెరుచుకుని నిలబడిపోయారు. తల ఎంత వెనక్కి వంచినా చివర కనపడదు. ఇక ఉండి మాట వస్తుందని విజయకుమారి ఎదురుచూసింది. రాలేదు. బుల్లిరాజు గారు చెప్పులు విడిచి, మానుమీద అరచెయ్యి ఆనించి అలాగే ఉండిపోయారు.

"ఏవండీ, ఉండిలో ఇంతకంటే పెద్దది లేదాండీ?"

"ఊరుకోవే," అన్నారాయన. కళ్లు తడిగా ఉన్నాయి. "అక్క చూసుంటే ఎంత బాగుండేది."

వాళ్లు రావడం చూసి నాగరత్నం గారు బెంచీ పట్టుకుని లేచి నిలబడ్డారు. "ఎలా ఉందిరా?"

"అత్తయ్యా..." అంటూ మానస చెట్టు ఫొటో చూపించడానికి ఫోను తీయబోయింది. తండ్రి అది లాక్కుని జేబులో వేసుకున్నారు.

"ఏం చెట్టక్కా, టిక్కెట్టు దండగ. మన ఉండిలో రోడ్డుపక్క బాదం చెట్టు దీనికి రెట్టింపు ఉంటుంది."

విజయకుమారికి ఉన్నట్టుండి తన రాయి గుర్తొచ్చింది. రెట్టింపు రాయున్న బాబాయి గారే లేచి తిరుగుతున్నారు, నాకేమవుతుందిలే అనుకునే కదా తను ఆరోజు భయం లేకుండా ఆపరేషన్‌కి వెళ్లింది. ఆ సంగతి ఇన్నాళ్లూ ఆమెకు తట్టనే లేదు.

నాగరత్నం గారు తమ్ముడి మొహంలోకి కాసేపు చూశారు. "అలాగా. నన్ను ముదినేపల్లిలో దింపడానికి ఎలాగూ ఉండి మీదుగానే కదా వెళ్తాం. చూపించు."

బుల్లిరాజు గారి మొహాన కత్తివేటుకు నెత్తురుచుక్క లేదు. ఎందుకంటే ఆవిడా ఉండిలోనే పుట్టి పెరిగారు.

మర్నాడు ఉండిలో ఆయన కారును రోడ్డుపక్క బాదం చెట్టుకు ఆనించినట్టు ఆపారు. దానికి ఎవరో మేకను కట్టేశారు. మేక లాగినప్పుడల్లా చెట్టు ఊగుతోంది. బుల్లిరాజు గారు స్టీరింగు పట్టుకుని ఎదర రోడ్డునే చూస్తూ కూర్చున్నారు. వెనకసీట్లో మానస నవ్వాపుకోలేక తల్లి భుజంలో మొహం దాచుకుంది.

ముందుసీట్లోంచి నాగరత్నం గారు అద్దం దించి, చెయ్యి చాపి, అరచెయ్యి మానుమీద ఆనించారు. కాసేపు అలాగే నిమిరారు.

"నిజమేరా తమ్ముడూ," అన్నారు. "దీని ముందు ఆ మద్దిచెట్టెంత."

"నేను చెప్పానా," అని గొంతు సవరించుకుని, బుల్లిరాజు గారు కారు స్టార్ట్ చేశారు.