రిపోర్టు వచ్చాక కనబడిన ముఖం

వకీలు సారు పోయారని నిన్న పొద్దున నల్గొండ నుంచి ఫోన్ వచ్చింది. అప్పటికి ఆయన నల్లకోటు నా కుట్టుమిషన్ మీదే ఉంది. ఆయన మా తరఫు వకీలు కాదు. మా చిన్నాయనను చంపాడని పోలీసులు పట్టుకున్న పక్కచేను రైతు తరఫున నిలబడ్డారాయన.

చిన్నాయన హత్య జరిగిన రోజు కట్టంగూర్‌లో మా పత్తిచేను గట్టు మీద, పొద్దుగూకేవేళ, ఒక మనిషి పరుగెత్తడం చూశాను. పొడుగు మనిషి, ముఖం కనబడలేదు. పోలీసులకు అదే చెప్పాను. తర్వాత ల్యాబు రిపోర్టు వచ్చింది. ఆ రైతు అంగీ మీది నెత్తురు, చిన్నాయన నెత్తురు ఒకటే గ్రూపట. "మిషన్లు గూడ అబద్ధమాడుతయా?" అంది మా అవ్వ. ఊరంతా అదే మాట. ఆ వారం నుంచే గట్టు మీద పరుగెత్తిన మనిషికి నాకు ముఖం కూడా కనబడసాగింది, ఆ రైతు ముఖమే. కళ్లు, మీసం, అన్నీ. ఒట్టు, అబద్ధమాడాలని నేననుకోలేదు.

కోర్టులో "వీడే" అన్నాను. సారు గద్దించలేదు. అద్దాలు తుడుచుకుంటూ, "బిడ్డా, గీ ముఖం రిపోర్టు వచ్చినంక యాదికొచ్చిందా, రాకముందా?" అని అడిగారు. ఒక మాటకు అతనికి యావజ్జీవం, ఇంకో మాటకు మా వాళ్లందరికీ నేను శత్రువును.

"వచ్చినంకనే," అన్నాను.

ల్యాబు నుంచి వచ్చినాయన్ని సారు అడిగితే, అతని సొంత నెత్తురూ అదే గ్రూపని తేలింది. కొడవలితో చెయ్యి తెగి అంటిన నెత్తురని అతను మొదటి నుంచీ మొత్తుకుంటూనే ఉన్నాడు. కేసు కొట్టేశారు.

ఇంట్లో ఏడాది దాకా నాతో ఎవరూ సరిగ్గా మాట్లాడలేదు. కడుపుమంటతో సారు ఇంటికే పోయి, "వాడు చంపలేదని మీరన్నా నమ్మిన్రా సార్?" అని నిలదీశాను.

"నాకూ తెల్వదు బిడ్డా. నమ్ముడు వేరే, చూసుడు వేరే. చూసింది ముందు చెప్పు, అనుకున్నది ఎనక చెప్పు," అని నా దోసిట్లో వేయించిన పల్లీలు పోశారు. కోటు జేబుల నిండా అవే. అందుకే జేబులు చిరిగేవి. అప్పటి నుంచి వాటిని కుట్టేది నేనే. "జర గోనెసంచి గుడ్డెయ్ తల్లీ, గప్పుడు ఆగుతది," అని నవ్వేవారు.

ఆయన అడగకపోయి ఉంటే? కానీ ఆ ముఖం మాత్రం పోలేదు సుమా. కళ్లు మూస్తే గట్టు మీద అతనే పరుగెత్తుతాడు. అతను తప్పించుకున్న హంతకుడో, నేను జైలుకు పంపబోయిన అమాయకుడో, నాకు తెలియదు.

కోటు కోసం మనిషిని పంపుతున్నామని సారు ఇంటి నుంచి చెప్పారు. నిన్న పొద్దుగూకేవేళ ఎవరో నా కుట్టుదుకాణం గడపలో నిలబడ్డారు. వెనక ఎర్రటి వెలుతురు. పొడుగు మనిషి, ముఖం కనబడలేదు. నా మనసు అప్పుడే కళ్లూ మీసమూ పెట్టేసింది. నాలుక చివర ఆ రైతు పేరే ఉంది.

కోటును గుండెకు అదుముకుని, "ఎవరది?" అని అడిగాను.